పద్దు లేని ఫైళ్లు: సోర్స్ నుంచి ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌ను తీసేయడం

పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీలను అక్షరాలుగా మార్చే పని పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఆ పని చేసే టెసరాక్ట్ అనే ప్రోగ్రాం తెలుసు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 22.04లో నేరుగా దొరికేది టెసరాక్ట్ 4.1.1. 2021 నవంబరులో 5వ వెర్షన్ వచ్చినా ఆ ఉబుంటు ప్యాకేజీల్లోకి అది రాలేదు. కొత్తది కావాలనుకున్నవాళ్లు సోర్స్ కోడ్ (ప్రోగ్రాం మూల రాత) దింపుకొని, కాన్ఫిగర్ చేసి, 'మేక్' కమాండు కొట్టి దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చి, అంటే కంపైల్ చేసి, చివరగా ఫైళ్లను సిస్టమ్‌లోకి ఎక్కించడానికి 'సుడో మేక్ ఇన్‌స్టాల్' అన్నారు. సుడో అంటే అడ్మిన్ అధికారంతో అని. పని జరిగింది. తర్వాత అదే కంప్యూటర్‌ను ఉబుంటు 24.04కి మార్చారు. అందులో టెసరాక్ట్ 5.3.4 దానంతటదే దొరుకుతుంది. ఇక సొంతంగా కంపైల్ చేసిన పాత 5.0తో అవసరం లేదు, తీసేద్దామనుకున్నారు. అసలు తలనొప్పి అక్కడ మొదలవుతుంది.

ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఎక్కించే, తీసేసే కమాండు ఆప్ట్. 'ఆప్ట్ రిమూవ్' అంటే ఆప్ట్ తను పెట్టిన టెసరాక్ట్‌ను మాత్రమే తీసేస్తుంది. సొంతంగా ఎక్కించింది చెక్కుచెదరదు. అలాంటిదొకటి ఉందన్న సంగతే ఆప్ట్‌కు తెలియదు. ఉబుంటును కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు కూడా అది అలాగే మిగిలిపోవడానికి కారణం ఇదే. సొంతంగా కంపైల్ చేసిన సరుకు మామూలుగా చేరేది /యూఎస్‌ఆర్/లోకల్ కిందకు. ఆ ఫోల్డర్ కంప్యూటర్ నడిపే మనిషిదనీ, పంపిణీ వాళ్ల (ఉబుంటు లాంటి లినక్స్ రకాన్ని తయారు చేసి ఇచ్చేవాళ్ల) ప్యాకేజీలు అందులో ఫైళ్లు పెట్టకూడదనీ, ఉబుంటుకు మూలమైన డెబియన్ నియమం. మనం పెట్టుకున్నవి పంపిణీ చేతిలో పాడుకాకుండా ఈ నియమం కాపాడుతుంది. తీసేసే పని మొత్తం మన నెత్తిన పడటానికీ ఇదే కారణం.

ప్యాకేజీ మేనేజర్‌ను చాలామంది ఎక్కించే, తీసేసే పనిముట్టుగా చూస్తారు. నిజానికి దాని అసలు పని పద్దు రాయడం. ఆప్ట్ వెనక ఉండి పని చేసే డీపీకేజీ ఒక ప్యాకేజీని ఎక్కించినప్పుడు, దాని ప్రతి ఫైలు ఎక్కడికి వెళ్లిందో /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో కింద ఒక జాబితాలో రాసిపెడుతుంది. తీసేయమన్నప్పుడు ఆ జాబితా చూసి ఒక్కొక్కటే తొలగిస్తుంది. ఫెడోరా లాంటి లినక్స్‌లలో వాడే ఆర్‌పీఎం తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. స్లాక్‌వేర్ అనే ఇంకో లినక్స్ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో రాస్తుంది. పద్ధతులు వేరైనా పద్దు లేని ప్యాకేజీ మేనేజర్ ఉండదు.

'మేక్ ఇన్‌స్టాల్'కు ఈ పద్దు లేదు. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారు చేశాడు. మారిన ఫైళ్లను గుర్తించి వాటికి సంబంధించినంత మేరకే మళ్లీ కంపైల్ చేయడం దాని లక్ష్యం. 'ఇన్‌స్టాల్' అన్న మాటకు మేక్ దృష్టిలో ప్రత్యేకమైన అర్థమేమీ లేదు. మేక్ చదివే ఆదేశాల ఫైలైన మేక్‌ఫైల్‌ను రాసినవాళ్లు ఆ పేరుతో కొన్ని కాపీ కమాండ్లు రాసిపెడతారు, మేక్ వాటిని వరసగా నడుపుతుంది. ప్రోగ్రాం బిన్‌లోకి, లైబ్రరీలు (ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ ఫైళ్లు) లిబ్‌లోకి, హెడర్లు ఇన్‌క్లూడ్‌లోకి, మాన్యువల్ పేజీలు షేర్‌లోకి వెళ్తాయి. ఏ ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌దో ఎవరూ ఎక్కడా రాయరు. నాలుగైదు సాఫ్ట్‌వేర్లు ఇలా ఎక్కాక /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ తెరిచి చూస్తే, ఏది దేనిదో పేర్లను బట్టి ఊహించుకోవలసిందే.

కాబట్టి సోర్స్ నుంచి ఎక్కించినదాన్ని తీసేయడమంటే ముందు ఆ లేని పద్దును తిరిగి సంపాదించడం. ఫైళ్లను చెరపడం క్షణాల పని. ఏవి చెరపాలో తెలుసుకోవడమే కష్టం. దిగువ చెప్పిన దారులన్నీ ఆ జాబితా కోసమే.

కంపైల్ చేసిన ఫోల్డర్ ఇంకా ఉంటే పని సగం అయినట్టే. టెసరాక్ట్‌లాగా, మేక్‌ఫైల్‌ను తయారు చేసే ఆటోమేక్ అనే పనిముట్టును వాడే ప్రాజెక్టుల్లో, ఎక్కించే ఆదేశాలతో పాటు వాటికి విరుగుడుగా 'అన్‌ఇన్‌స్టాల్' ఆదేశాలు కూడా మేక్‌ఫైల్‌లో వాటంతటవే తయారవుతాయి. గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నియమావళి కూడా ప్రతి ప్రోగ్రాంకూ ఇది ఉండాలని చెబుతుంది. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి 'సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్' అంటే చాలు. దానికి ముందు 'మేక్ -ఎన్ అన్‌ఇన్‌స్టాల్' అని ఒకసారి చూడటం మంచిది. ఆ చిన్న -ఎన్ పెడితే మేక్ ఏ ఫైలునూ ముట్టుకోకుండా, తాను ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. రూట్ (అడ్మిన్) అధికారంతో ఫైళ్లు చెరిపే ప్రతి కమాండుకూ ముందు ఇలాంటి పరిశీలన తప్పనిసరి అని గట్టిగా చెప్పుకోవాలి. లినక్స్‌లో టెర్మినల్ నుంచి చెరిపిన ఫైలు వెళ్లి కూర్చునే చెత్తబుట్ట ఏదీ లేదు.

చాలామంది కంపైల్ అయిపోగానే ఆ ఫోల్డర్‌ను చెరిపేస్తారు. డిస్క్ నిండుతుందని అలా చేయడం సహజమే. అప్పుడు అదే వెర్షన్ సోర్స్‌ను మళ్లీ దింపి, మొదటిసారి ఇచ్చిన ఆప్షన్లతోనే కాన్ఫిగర్ చేసి, అన్‌ఇన్‌స్టాల్ నడపాలి. వెర్షన్ మారితే ఫైళ్ల జాబితా మారుతుంది. ప్రిఫిక్స్, అంటే ఫైళ్లు ఎక్కే పై ఫోల్డర్, మారితే వెతికే చోటే మారుతుంది. మొదటిసారి 'ప్రిఫిక్స్' /ఆప్ట్ అని ఇచ్చి, ఇప్పుడు ఏమీ ఇవ్వకపోతే, మేక్ /యూఎస్‌ఆర్/లోకల్‌లో వెతుకుతుంది. అక్కడ ఏమీ లేకపోయినా తప్పు చూపించదు. లేని ఫైలును చెరపమన్నా మౌనంగా ఊరుకునేలా ఆ కమాండ్లు రాసి ఉంటాయి. ఏ ఆప్షన్లు ఇచ్చారో గుర్తులేనివాళ్లకు, పాత ఫోల్డర్ గానీ దాని బ్యాకప్ గానీ ఉంటే, అందులోని కాన్ఫిగ్.లాగ్ ఫైలు మొదటి వరసల్లో ఆనాటి కమాండ్ యథాతథంగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. లైబ్రరీలను తీసేసేటప్పుడు లిబ్‌టూల్ అనే పనిముట్టు, ఎక్కించిన చోట ఉన్న '.ఎల్‌ఏ' ఫైలును చదివి, దానికి సంబంధించిన అసలు లైబ్రరీల పేర్లు తెలుసుకుంటుంది. ఎవరైనా ముందే చేత్తో ఆ .ఎల్‌ఏ ఫైలు చెరిపేసి ఉంటే, లిబ్‌టూల్‌కు పేర్లు తెలియవు, లైబ్రరీలు అక్కడే ఉండిపోతాయి. కొంత చేత్తో చెరిపి, మిగతాది మేక్‌కు వదిలేయడం వల్ల ఇలా జరుగుతుంది. ముందు మేక్‌ను తన పని చేయనిచ్చి, మిగిలినదే చేత్తో తీయాలి.

ఆటోమేక్‌కు బదులు సీమేక్ అనే పనిముట్టు వాడే ప్రాజెక్టుల్లో వేరే కథ. ప్రాజెక్టు వాళ్లు పనిగట్టుకొని రాస్తే తప్ప సీమేక్ అన్‌ఇన్‌స్టాల్ ఆదేశం ఇవ్వదు. కానీ పద్దు ఇస్తుంది. ఎక్కించడం పూర్తవగానే బిల్డ్ ఫోల్డర్‌లో 'ఇన్‌స్టాల్_మ్యానిఫెస్ట్.టీఎక్స్‌టీ' అనే ఫైలులో, పెట్టిన ప్రతి ఫైలు పూర్తి దారినీ వరసకొకటిగా రాస్తుంది. ఆ జాబితాను ఎక్స్‌ఆర్గ్స్ కమాండు ద్వారా, ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్ కమాండుకు అందిస్తే పని అయిపోతుంది. అయితే మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ పాత జాబితా మీద కొత్తది పడుతుంది. రెండోసారి తక్కువ భాగాలతో ఎక్కించి ఉంటే, మొదటిసారి ఎక్కిన అదనపు ఫైళ్లు ఏ జాబితాలోనూ ఉండవు. అందుకే ఇన్‌స్టాల్ కాగానే ఆ ఫైలును తేదీ వేసి ఇంకోచోట దాచుకోవాలి. మెసన్ అనే ఇంకో పనిముట్టుతో కట్టినవాటికి 'నింజా అన్‌ఇన్‌స్టాల్' ఉంది. అదీ తను రాసుకున్న లాగ్ చూసే తీసేస్తుంది.

అసలు ఏ ఏర్పాటూ లేనివీ ఉన్నాయి. పైథాన్‌ను సోర్స్ నుంచి ఎక్కించడం లినక్స్‌లో చాలా మామూలు విషయం. దాని మేక్‌ఫైల్‌లో అన్‌ఇన్‌స్టాల్ లేదు. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ మేక్‌ఫైల్‌లోనూ లేదు. తీసేయడం ప్యాకేజీ మేనేజర్ల పని, సోర్స్ ప్రాజెక్టులకు ఆ బరువు ఎందుకని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో న్యాయం కొంతే. సోర్స్ నుంచి కంపైల్ చేసుకునేవాళ్లలో ఎక్కువమంది, ప్యాకేజీ మేనేజర్‌లో తమకు కావలసింది దొరకకనే ఆ దారి పట్టారు. వాళ్లకు అక్కరకు రావలసిన చోటే తలుపు మూసేసినట్టవుతోంది.

ఇలాంటి వాటికి బాగా పనికొచ్చేది డెస్ట్‌డిర్. దీన్ని ప్యాకేజీలు కట్టేవాళ్ల కోసం తెచ్చారు. అదే వెర్షన్‌ను మళ్లీ కంపైల్ చేసి, 'మేక్ ఇన్‌స్టాల్'కు డెస్ట్‌డిర్ అని ఒక ఖాళీ ఫోల్డర్ పేరు ఇస్తే, ఫైళ్లన్నీ అసలు చోటికి కాకుండా ఆ ఫోల్డర్ లోపలికి, అదే అమరికతో వెళ్తాయి. అంటే ఒక నకలు తయారవుతుంది. ఆ నకలులో ఫైళ్ల పేర్లు, వాటిని వెతికే 'ఫైండ్' కమాండుతో వరసగా రాయించుకుంటే, అదే మనకు లేకపోయిన పద్దు. ముందు భాగంలోని తాత్కాలిక ఫోల్డర్ పేరు తీసేస్తే, అసలు చోట చెరపాల్సిన జాబితా చేతిలో ఉంటుంది. దీనికి సుడో అవసరం కూడా లేదు. ఫైండ్‌కు మామూలు ఫైళ్లనే కాదు, సింబాలిక్ లింకులనూ (ఇంకో ఫైలును సూచించే పేర్లను) చూపమని చెప్పాలి. లైబ్రరీల విషయంలో సగం పేర్లు లింకులే.

పైథాన్ దగ్గర మాత్రం ఈ జాబితా ఒక్కటే సరిపోదు. ఎక్కించాక అది నడుస్తూ రాసుకున్న పైక్యాష్ ఫైళ్లు, పైథాన్ లైబ్రరీలను తెచ్చే పిప్ కమాండుతో తర్వాత తెచ్చుకున్న లైబ్రరీలు జాబితాలో ఉండవు. అందుకే /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ కింద ఆ వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా తీసేయడం వాడుక. అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఉబుంటు 22.04తో వచ్చే పైథాన్ 3.10. ఎవరైనా సుడోతో పిప్ వాడి ఉంటే, ఆ ఉబుంటు పైథాన్ కోసం తెచ్చిన లైబ్రరీలు కూడా /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.10 లోపలే, 'డిస్ట్-ప్యాకేజెస్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. సొంతంగా కంపైల్ చేసిన 3.10 తన లైబ్రరీలను పక్కనే 'సైట్-ప్యాకేజెస్'లో పెడుతుంది. పై ఫోల్డర్ ఒక్కటే, యజమానులు ఇద్దరు. మొత్తంగా చెరిపితే రెండోవాళ్ల సరుకు కూడా పోతుంది. కంపైల్ చేసింది 3.12 అయి, సిస్టమ్‌ది 3.10 అయితే ఈ చిక్కు లేదు.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. పైథాన్ తీసేయాలన్న తొందరలో /యూఎస్‌ఆర్/బిన్‌లోని పైథాన్3 మీద చేయి వేయకూడదు. అది సిస్టమ్ సొంత పైథాన్. ఉబుంటులో ఎన్నో భాగాలు దాని మీద నడుస్తాయి. ఆప్ట్‌తో పైథాన్3ని తీసేయమంటే, తనతో పాటు పోయే ప్యాకేజీల పొడవైన జాబితా చూపిస్తుంది, అందులో డెస్క్‌టాప్ భాగాలూ ఉంటాయి. ఆ జాబితా చదవకుండా 'వై' నొక్కి మర్నాడు నల్లటి తెర ముందు టెన్షన్ పడినవాళ్లు ఎందరో. ఏ ఫైలు గురించైనా అనుమానం వస్తే చెరపకముందు 'డీపీకేజీ -ఎస్' అని అడగాలి, ఆ ఎస్ పెద్ద అక్షరం. ఫెడోరా కుటుంబంలో 'ఆర్‌పీఎం -క్యూఎఫ్'. అది ఫలానా ప్యాకేజీదని జవాబు వస్తే, ఆ ఫైలు జోలికి చేత్తో వెళ్లకూడదు.

కంపైల్ చేసింది ఏ వెర్షనో కూడా తెలియనప్పుడు కాలాన్ని ఆధారం చేసుకోవచ్చు. ఎక్కించిన రోజు, సమయం సుమారుగా తెలిస్తే, ఆ కాసేపట్లో /యూఎస్‌ఆర్/లోకల్‌లో పుట్టిన ఫైళ్లను ఫైండ్ చూపిస్తుంది. ఇక్కడ మార్పు సమయాన్ని, అంటే ఎమ్‌టైమ్‌ను నమ్ముకుంటే మోసపోవచ్చు. కొన్ని ప్రాజెక్టులు ఫైళ్లను పాత తేదీలతోనే కాపీ చేస్తాయి. సీటైమ్, అంటే ఫైలు స్థితి మారిన సమయం, అలా కాదు, ఫైలు ఈ డిస్క్ మీదకు వచ్చిన క్షణాన్ని లినక్స్ గుండెకాయైన కెర్నలే వేస్తుంది, కాపీ చేసే ప్రోగ్రాం దాన్ని వెనక్కి తిప్పలేదు. కాబట్టి ఫైండ్‌కు 'సీన్యూవర్' ఇవ్వడం మేలు. తర్వాత ఎవరైనా ఫైలు అనుమతులు మార్చినా సీటైమ్ మారుతుంది కాబట్టి ఇది కూడా సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

ఇంత అవస్థ లేకుండా చేసే ఒక ఉదాహరణ ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్. దాన్ని సోర్స్ నుంచి ఏ ఆప్షనూ ఇవ్వకుండా ఎక్కిస్తే, ప్రోగ్రాం, కాన్ఫిగరేషన్, లాగ్‌లు అన్నీ /యూఎస్‌ఆర్/లోకల్/ఎంజిన్‌ఎక్స్ అనే ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ ఆదేశం దానికీ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కాన్ఫిగరేషన్ దాచుకొని, ఫోల్డర్ తీసేస్తే అయిపోయింది. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్‌కైనా చేసుకోవచ్చు. కాన్ఫిగర్ చేసేటప్పుడే ప్రిఫిక్స్‌గా /ఆప్ట్/టెసరాక్ట్-5.0 అని ఇస్తే చాలు, ఫోల్డర్ పేరే పద్దు అవుతుంది. బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (ప్రోగ్రాంల కోసం టెర్మినల్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చుకోవడం ఒక్కటే అదనపు పని. ఎక్కువ సాఫ్ట్‌వేర్లు ఉన్నవాళ్లకు గ్నూ స్టో అనే పనిముట్టు ఆ పని కూడా తగ్గిస్తుంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ /యూఎస్‌ఆర్/లోకల్/స్టో కింద దాని సొంత ఫోల్డర్‌లో ఉంచి, మామూలు బిన్, లిబ్‌లలోకి లింకులు మాత్రం వేస్తుంది. వద్దనుకుంటే 'స్టో -డీ' అని, పెద్ద డీతో, లింకులు ఊడదీస్తుంది. చెక్‌ఇన్‌స్టాల్ ఇంకో దారి. 'మేక్ ఇన్‌స్టాల్' జరుగుతుండగా ఏ ఫైళ్లు రాస్తున్నారో కనిపెట్టి, వాటితో ఒక డెబ్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీ కట్టేస్తుంది. ఆ తర్వాత తీసేయడం డీపీకేజీ బాధ్యత. వీటిలో మామూలు వాడుకరికి విడి ప్రిఫిక్స్ పద్ధతే మేలు. కొత్త పనిముట్టు నేర్చుకోనక్కర్లేదు, తప్పు జరిగినా నష్టం ఆ ఒక్క ఫోల్డర్ దాటదు.

ఇంకో పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక ప్రత్యేక యూజర్‌ను సృష్టించి, ఆ యూజర్ పేరు మీదే దాన్ని ఎక్కిస్తారు. ఫైలు ఎవరిదో ఫైల్ సిస్టమే గుర్తుపెట్టుకుంటుంది. 'ఫైండ్ -యూజర్' అంటే జాబితా వస్తుంది. ఇంకొకరి ఫైలు మీద రాయబోతే అనుమతి లేదని అక్కడే ఆగిపోతుంది. రోజువారీ వాడకానికి శ్రమ ఎక్కువే కానీ, చాలా అందమైన ఆలోచన.

ఈ చిక్కు సీ భాషలో రాసిన ప్రోగ్రాంలకే పరిమితం కాదు. పాత డిస్ట్‌యుటిల్స్ పద్ధతిలో ఎక్కిన పైథాన్ లైబ్రరీని తీసేయమంటే పిప్ నిరాకరిస్తుంది. ఏ ఫైళ్లు దానివో కచ్చితంగా తేల్చలేమని, చెరిపితే సగమే పోతుందని కారణం చెబుతుంది. ఊహించి చెరపడం కంటే అలా నిలబడి కాదనడమే నిజాయితీ. ఇప్పటి పద్ధతిలో ఎక్కిన ప్రతి లైబ్రరీతోనూ 'రికార్డ్' అనే ఫైలు వస్తుంది, అందులో ఫైళ్ల జాబితా ఉంటుంది.

కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసినవాళ్లకూ అన్‌ఇన్‌స్టాల్ ఉండదు. /బూట్‌లో ఆ వెర్షన్ పేరున్న ఫైళ్లు, /లిబ్/మాడ్యూల్స్‌లో దాని ఫోల్డర్ తీసి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌ను ఎంచుకునే గ్రబ్ మెనూను తాజా చేయాలి. ప్రస్తుతం నడుస్తున్నది అదే కాదని ముందు 'యూనేమ్ -ఆర్'తో చూసుకోవాలి.

ఫైళ్లు పోయాక కూడా కొన్ని నీడలు మిగులుతాయి. టెసరాక్ట్ ఉదాహరణలోనే ఇవన్నీ కనిపిస్తాయి. చాలామంది /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లోని ప్రోగ్రాంను ఒక్కదాన్నే చెరిపి, పని అయిందనుకుంటారు. లైబ్రరీ మాత్రం /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్‌లో ఉండిపోతుంది. డెబియన్, ఉబుంటులలో లైబ్రరీల కోసం వెతికే వరసలో ఆ ఫోల్డర్ సిస్టమ్ ఫోల్డర్ కంటే ముందుంది. రెండు లైబ్రరీల పేరూ ఒక్కటే, ఎందుకంటే 5.0 అయినా 5.3.4 అయినా పేరు చివర ఉండేది 5 మాత్రమే. దాంతో ఆప్ట్ ఇచ్చిన కొత్త ప్రోగ్రాం పాత లైబ్రరీని పట్టుకుంటుంది. వెర్షన్ అడిగితే పాత నంబరు చూపవచ్చు, లేదా ఏదో సింబల్ (లైబ్రరీలో ఉండాల్సిన పేరు) దొరకలేదని ఆగిపోవచ్చు. ఆప్ట్‌తో ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా ఇది బాగుపడదు, తప్పు ఆప్ట్‌ది కాదు కనుక. అది నిజంగా ఏ లైబ్రరీని పట్టుకుంటోందో 'ఎల్‌డీడీ' కమాండు చూపిస్తుంది. ఫెడోరా కుటుంబంలో /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ వెతికే వరసలో మామూలుగా ఉండదు, అందుకని చాలామంది /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ కింద ఒక ఫైలు చేరుస్తారు. ఆ ఫైలును వేరే ఏ సాఫ్ట్‌వేరూ వాడుకోకపోతే దాన్నీ తీయాలి.

తెలుగు కోసం విడిగా దింపి /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/టెస్‌డేటాలో పెట్టుకున్న 'టెల్' డేటా ఫైలు 'మేక్ ఇన్‌స్టాల్' పెట్టింది కాదు. కాబట్టి 'మేక్ అన్‌ఇన్‌స్టాల్' దాన్ని ముట్టుకోదు. సొంతంగా శిక్షణ ఇచ్చి తయారు చేసుకున్న డేటా అయితే అలా మిగలడం మంచిదే, ఇంకోచోటికి కాపీ చేసుకున్నాకే ఫోల్డర్ తీయాలి. ఇక టెర్మినల్ తెరవగానే చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైలులో టెస్‌డేటా_ప్రిఫిక్స్ అని పాత దారి రాసుకొని మరిచిపోయి ఉంటే, కొత్త టెసరాక్ట్ ఆ చెరిపిన చోటే వెతికి, డేటా ఫైలు తెరవలేకపోయానంటుంది. సర్వీసుగా నడిచే సాఫ్ట్‌వేర్ అయితే, ఫైళ్లు చెరపకముందే సిస్టమ్‌సీటీఎల్ కమాండుతో దాన్ని ఆపి, డిజేబుల్ చేయాలి.

అందుకని టెసరాక్ట్‌ను తీసే వరస ఇలా ఉండాలి. 5.0 సోర్స్ ఫోల్డర్ ఉంటే అందులో, లేకపోతే మళ్లీ దింపి, పాత ప్రిఫిక్స్‌తోనే కాన్ఫిగర్ చేసి, ముందు -ఎన్‌తో చూసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ నడపాలి. టెసరాక్ట్ వాడుకునే బొమ్మల లైబ్రరీ లెప్టోనికాను కూడా సోర్స్ నుంచే ఎక్కించి ఉంటే, దాన్ని వేరే ఏదీ వాడటం లేదని చూసుకొని, అదే పద్ధతిలో తీయాలి. డేటా ఫైళ్లు దాచుకొని టెస్‌డేటా ఫోల్డర్ తీయాలి. బ్యాష్‌ఆర్‌సీలోని పాత వరస చెరపాలి. లైబ్రరీల జాబితా తాజా కావడానికి 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్' అనాలి. అప్పుడు కూడా తెరిచి ఉన్న టెర్మినల్‌లో టెసరాక్ట్ అని కొడితే /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో అలాంటి ఫైలు లేదని రావచ్చు. టెర్మినల్‌లో కమాండ్లను నడిపే బ్యాష్ పాత దారిని గుర్తుపెట్టుకోవడమే దానికి కారణం. 'హ్యాష్ -ఆర్' అంటే ఆ జ్ఞాపకం పోతుంది, లేదంటే కొత్త టెర్మినల్ తెరిచినా చాలు, పాత టెస్‌డేటా దారి కూడా దాంతో పోతుంది. తర్వాత ఆప్ట్‌తో టెసరాక్ట్‌ను, దాని తెలుగు డేటా ప్యాకేజీని ఎక్కించి వెర్షన్ అడిగితే 5.3.4 అని రావాలి, భాషల జాబితా అడిగితే అందులో 'టెల్' కనిపించాలి.